మాస్కు అద్దంపై మసక: 'ది సైలెంట్ వరల్డ్' చెప్పక విడిచిన సంగతి

ఫ్రెంచి నౌకాదళాధికారి జాక్ ఈవ్ కూస్తో తన సహచరుడు ఫ్రెడరిక్ ద్యూమాతో కలిసి రచించిన 'ది సైలెంట్ వరల్డ్' అనే గ్రంథం 1953లో ఆంగ్లంలో వెలువడినది. 'నిశ్శబ్ద ప్రపంచం' అని ఆ పేరుకు అర్థం. సముద్రగర్భాన్ని గురించి సామాన్య పాఠకుల కోసం వ్రాసిన పుస్తకాలలో ఇంతటి ప్రచారం పొందినవి అరుదు. 1956లో కూస్తో, లూయీ మాల్ కలిసి అదే పేరుతో తీసిన చలనచిత్రానికి కాన్ ఉత్సవంలో అగ్రబహుమానం లభించినది. ఆ చిత్రంలో సొరచేపలను చంపడం, పగడపు దిబ్బ వద్ద డైనమైటు పేల్చడం వంటి ఘట్టాలు తరువాతి తరాలవారికి ఏవగింపు కలిగించాయి. ఆ చర్చ వేరు. ఇక్కడ పరిశీలించవలసినది పుస్తకం మొదటి అధ్యాయంలోని ఒక చిన్న మాట. చదివేవారు సాధారణంగా దాని దగ్గర ఆగరు.

అది 1943 జూన్ నెల. ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ సహకారంతో తయారైన కొత్త శ్వాసయంత్రం, అంటే తరువాత ఆక్వాలంగ్ అని ప్రసిద్ధి పొందినది, పెట్టెలో బండోల్ రైల్వే స్టేషనుకు చేరింది. దగ్గరలోని ఒక చిన్న కోవలో కూస్తో దానిని పరీక్షించబోతున్నాడు. వీపున గాలి సిలిండర్లు. ఏదైనా ప్రమాదం జరిగితే కబురందించడానికి ఆయన భార్య సిమోన్ మాస్కు పెట్టుకుని, ఊపిరి గొట్టం నోట కరచుకుని, నీటిపై తేలుతూ క్రిందికి చూస్తూ ఉంటుంది. మానవుడు సముద్రంలో చేపవలె తిరుగగలడా అన్న ప్రశ్న తేలబోయే ఘడియ అది. అటువంటి సమయంలో, నీటిలోకి దిగే ముందు, మాస్కులో ఉమ్మివేసి సముద్రపు నీటితో కడగడం జరుగుతుంది. లోపల మసక ఏర్పడకుండా ఇట్లా చేశామని ఒక్క ముక్కలో చెప్పి రచయిత ముందుకు సాగిపోతాడు.

ఆ ముక్కను దాచకుండా వ్రాసినందుకు ముందు రచయితను మెచ్చుకోవలెను. ఒక ప్రక్క పారిశ్రామిక ఇంజనీరు మేధస్సు నుండి పుట్టిన కవాటం, మరొక ప్రక్క ఉమ్మి. నాజూకు ఎక్కువైన రచయిత అయితే రెండవదానిని తుడిచివేసి ఉండేవాడు. కాని ఆ ఒక్క ముక్కలో రెండు లోపాలు ఉన్నాయి. ఉమ్మి ఎందుకు పనిచేస్తుందో చెప్పలేదు; అది మొదటిది. రెండవది మరింత ముఖ్యం: చెప్పిన కొద్దిపాటి కారణం కూడా సరిగా లేదు. అద్దంపై ఆవిరి నీరుగా మారకుండా ఆపడం ఉమ్మి వల్ల కాదు. ఆ నీరు ఉమ్మి వేసినా వస్తుంది, వేయకున్నా వస్తుంది.

అసలు మాస్కులోనికి ఆ తేమ ఎక్కడినుండి వస్తుందన్నది ముందు చూడవలసి ఉన్నది. నీటిలో కళ్ళు తెరిస్తే అంతా అలుక్కుపోయినట్లు కనబడుతుంది. కంటికి వెలుతురును వంచే శక్తిలో దాదాపు మూడింట రెండువంతులు ముందున్న కార్నియా అనే పారదర్శక పొరదే. అది గాలికీ కంటికీ మధ్య సరిహద్దుగా ఉన్నప్పుడే ఆ శక్తి. గాలి స్థానంలో నీరు చేరితే ఆ వంపు వృథా అయిపోతుంది, ఎందుకంటే నీరూ కార్నియా వెలుతురును ఇంచుమించు ఒకే తీరుగా వంచుతాయి. కంటి ముందు తిరిగి కాస్త గాలిని నిలబెట్టడమే మాస్కు చేసే పని. కూస్తో 1936లో తూలోన్ సమీపాన మొదటిసారి నీటి అడుగును చూసినప్పుడు వాడినది ఫెర్నే కళ్ళజోడు. అది కళ్ళను మాత్రమే కప్పుతుంది. లోతుకు పోయేకొద్దీ అటువంటి కళ్ళజోడు ప్రమాదకరం. బయట నీటి ఒత్తిడి పెరుగుతుంది, లోపలి గాలి ఒత్తిడి పెరగదు. కళ్ళను జలగ పట్టి పీల్చినట్లవుతుంది, రక్తనాళాలు చిట్లుతాయి. అందుకే ముక్కును కూడా లోపల చేర్చుకునే మాస్కు వచ్చినది. ముక్కుతో కాస్త గాలి వదిలితే లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సమానమవుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. కళ్ళను కాపాడే ముక్కే చూపును చెడగొడుతుంది. ముక్కునుండి వచ్చే గాలి ఒంటి వేడిమికి దగ్గరగా, సుమారు 34 డిగ్రీల సెంటిగ్రేడులో, తేమతో నిండిపోయి వస్తుంది. అద్దానికి అవతలి వైపు సముద్రపు నీరు తాకుతూ ఉంటుంది కనుక అద్దం ఎప్పుడూ దానికంటే చల్లగానే ఉంటుంది. వేడి గాలి ఎంత ఆవిరిని మోయగలదో చల్లగాలి అంత మోయలేదు. మిగిలినది అద్దంపై దిగిపోతుంది. వేడి సాంబారు గిన్నె మూత తీసినవాని కళ్ళద్దాలకు జరిగేదీ, 2020 తరువాత ముఖానికి గుడ్డ మాస్కు కట్టుకుని తిరిగిన కళ్ళజోడువారందరికీ అనుభవమైనదీ ఇదే.

ఆ నీరు ఎంత? లెక్క కష్టమైనది కాదు. 34 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 37 గ్రాముల ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీల వద్ద సుమారు 17 గ్రాములే. మాస్కులో 200 మిల్లీలీటర్ల గాలి ఉన్నదనుకుందురుగాక. ఆ గాలి అంతా అద్దం వద్ద 20 డిగ్రీలకు చల్లబడితే దిగే నీరు సుమారు 4 మిల్లీగ్రాములు. ఒక వానచినుకు పాటి మాత్రమే. దానిని 100 చదరపు సెంటీమీటర్ల అద్దంమీద సమంగా పరిస్తే ఆ పొర మందం మిల్లీమీటరులో రెండువేల అయిదువందలవ వంతు ఉంటుంది. తలవెంట్రుక మందంలో ఇంచుమించు రెండువందలవ వంతు. ఇంత పలుచని నీటిపొర కంటికి కనబడనైనా కనబడదు. దాని గుండా చేపలను లెక్కపెట్టవచ్చు. కాని అదే నాలుగు మిల్లీగ్రాములు లక్షలాది సూక్ష్మబిందువులుగా విడిపోయి నిలిస్తే ఒక్కొక్క బిందువూ ఒక్కొక్క చిన్న కటకమవుతుంది. వెలుతురును ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కుకు వంచుతుంది. చూపు మూసుకుపోతుంది. రెండు సందర్భాలలోనూ నీరు అంతే. మారినది దాని ఆకారం మాత్రమే.

కూస్తో వాక్యం సరికాదన్నది ఇందుచేతనే. ఉమ్మి చేసే పని నీటిని రాకుండా ఆపడం కాదు, వచ్చిన నీటిని బిందువులు కట్టనివ్వకుండా పొరగా పరచడం. మాటల తేడా చిన్నదిగా తోచవచ్చు. కాని మొదటి మాట నమ్మినవాడు ఉమ్మి ఏదో అద్దాన్ని వెచ్చజేస్తుందనో, తేమను పీల్చుకుంటుందనో ఊహించుకుంటాడు. రెండవ మాట తెలిసినవాడు అద్దం ఉపరితలం వైపు చూస్తాడు. చూడవలసిన చోటు అదే.

తామరాకు మీది నీటిబొట్టును ఎరుగని తెలుగువాడు లేడు. ఆకు ఉపరితలానికీ నీటికీ పొత్తు కుదరదు. నీటి అణువులు ఆకును అంటుకోవడంకంటె తమలో తాము కూడి ఉండడానికే మొగ్గుతాయి. బొట్టు ముడుచుకుని గుండ్రమవుతుంది. శుభ్రమైన గాజు దీనికి సరిగ్గా వ్యతిరేకం. నీటికి గాజంటే మక్కువ. తాకిన వెంటనే ప్రాకిపోతుంది. అట్లయితే గాజు అద్దంపై బిందువులు ఎందుకు కట్టాలి? గాజు శుభ్రంగా లేదు కనుక. వేలి జిడ్డు, ముఖపు చమురు, సబ్బు మరక, గాలిలోని ధూళి, వీటిలో ఏ ఒక్కటి కంటికి కనబడనంత పలుచగా అంటినా చాలు. గాజు తామరాకు కాకపోయినా ఆ దారిన కొంత దూరం పోతుంది. నీరు అక్కడక్కడ గుబ్బలు కడుతుంది.

లార్డ్ రేలీ వంటి మహా శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని చిన్నదనుకోలేదు. 1911లో 'నేచర్' పత్రికలో ఆయన ఊపిరి బొమ్మలను గురించి వ్రాసినాడు. గాజుపలక మీద ఊదుడు గొట్టపు మంటను ఒక గీతగా నడిపించి, చల్లారిన తరువాత దానిపై ఊపిరి వదిలితే, పలకంతా మసకబారి మంట నడిచిన దారి మాత్రం స్వచ్ఛంగా నిలుస్తుంది. ఆ దారిలోనూ నీరు చేరింది. కాని పొరగా చేరింది. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ ఎయిట్కెన్ కూడా ఈ బొమ్మలను పరిశీలించినవాడే. 'ది సైలెంట్ వరల్డ్' వ్రాసేనాటికి ఈ జ్ఞానం నలభై ఏళ్ళ పాతది.

ఇక ఉమ్మి సంగతి. లాలాజలంలో సుమారు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నీరే. మిగిలిన కొద్దిపాటిలో లవణాలు, ఎంజైములు, ముఖ్యంగా మ్యూసిన్లు అనే జిగురు మాంసకృత్తులు ఉంటాయి. నోటిలో మెత్తదనానికీ, ముద్ద గొంతు దిగడానికీ ఉపయోగపడేవి అవే. ఇవి అద్దానికి అంటుకుని నీటిని ఇష్టపడే పలుచని తొడుగును ఏర్పరుస్తాయి. లాలాజలపు తలతన్యత కూడా మంచినీటి తలతన్యతకంటె తక్కువ. అంటే బిందువుగా ముడుచుకునే పట్టు సడలుతుంది. ఆవిరి నీరై దిగినప్పుడు ఆ తొడుగుమీద ప్రాకి పొరగా నిలుస్తుంది. బడిపిల్లలు పలకను ఉమ్మితో తుడిస్తే నీటితో తుడిచినదానికంటె తడి సమంగా పరుచుకునేది. అయ్యవార్లు కొట్టినా పిల్లలు ఆ అలవాటు మానేవారు కారు. వారి అనుభవం వారిది.

కారణం తెలిస్తే పద్ధతిలోని ప్రతి మెట్టూ దానంతటదే తేలుతుంది. అద్దం పొడిగా ఉన్నప్పుడే ఉమ్మివేయవలెను. ముందే తడిసి ఉంటే ఉమ్మి పలుచనై అంటదు. వేలితో లోపలి భాగమంతా, అంచులతో సహా రుద్దవలెను. కడగడం మాత్రం ఒక్క ముంపు చాలు. ధారాళంగా కడిగితే తొడుగే పోతుంది. ఆ తరువాత లోపల వేలు పెట్టరాదు, వేలి జిడ్డు మళ్ళీ మొదటికి తెస్తుంది. మాస్కును నుదుటిపైకి తోసుకుని ఎండలో కబుర్లు చెప్పుకోవడం మరొక తప్పు: నుదుటి చెమటా చమురూ లోపలికి చేరుతాయి. ఊపిరి గొట్టంతో తేలేవాడు నోటితోనే గాలి పీల్చి నోటితోనే వదలవలెను. ముక్కుతో ఊపిరి వదిలే కొత్తవాని అద్దం ఎన్ని ఉపాయాలు చేసినా నిలువదు. ఇవి సూత్రాలుగా కంఠస్థం చేయవలసినవి కావు. నీరు ఎక్కడినుండి వస్తుందో, ఎందుకు గుబ్బలు కడుతుందో తెలిసినవానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

కారణం తెలియనివానికి ఏ ఉపాయమైనా మంత్రంవలెనే ఉంటుంది, ఒకచోట పనిచేసి మరొకచోట వికటిస్తుంది. కొత్త మాస్కు సంగతి చూడవచ్చు. ఈనాటి మాస్కుల చుట్టంచు సిలికోనుతో చేస్తారు. అద్దంపై దాని పలుచని జిడ్డు చేరి ఉంటుంది. దానిమీద ఉమ్మి నిలువదు. మెరుగుపొడి కలిసిన టూత్‌పేస్టుతో రుద్ది ఆ జిడ్డును వదిలిస్తారు. సిగరెట్టు లైటరు మంటను అద్దం లోపలి వైపు ఆడించి కాల్చివేసేవారూ ఉన్నారు. తెలిసో తెలియకో వారు చేసేది రేలీ ప్రయోగమే. కాని ప్లాస్టిక్ అద్దానికి అదే మంట తగిలిస్తే మాస్కు పాడవుతుంది, పేస్టుతో రుద్దితే గీతలు పడతాయి, సిలికోను అంచుకు మంట తగిలితే నీరు కారే మాస్కు మిగులుతుంది. అద్దం గట్టిపరచిన గాజా, ప్లాస్టిక్కా, లోపల ఏదైనా ప్రత్యేకమైన పూత ఉన్నదా అన్నవి చూడకుండా ఉపాయాన్ని మాత్రం అప్పగించడం చెలిమి కాదు.

జపాను దేశపు 'అమా' స్త్రీలు తరతరాలుగా ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తగుల్లలు, నాచు తెచ్చేవారు. వారు అద్దంపై 'యొమొగి' ఆకును నలిపి రుద్దుతారు. వినాయక చవితి పత్రిలో మొట్టమొదట వచ్చే మాచీపత్రికి అది దగ్గరి చుట్టం. రెండూ ఆర్టెమిసియా అనే ఒకే ప్రజాతికి చెందినవి. ఉమ్మికి బదులు ఆకురసం. ఫ్రెంచివారూ జపానువారూ ఒకరినొకరు అడుగకుండానే ఒకే సమాధానానికి చేరుకున్నారు. అడిగిన ప్రశ్న ఒక్కటే కనుక.

సబ్బు, షాంపూ కూడా ఈ పనికి వస్తాయి. తలతన్యతను తగ్గించడంలో అవి ఉమ్మిని మించినవి. ఆ లెక్కన కుంకుడు రసమూ పనికిరావలెను. నురుగు ఇచ్చే సపోనిన్లు దానిలో సమృద్ధిగా ఉన్నాయి. కాని కుంకుడు రసం కంట పడితే ఎట్లా ఉంటుందో తలంటు పోసుకున్న ఏ తెలుగు బిడ్డనడిగినా చెబుతుంది. మాస్కు అద్దంపై ఏది పూసినా అది చివరకు కంటికి చేరుతుంది. అందుకే సబ్బు వాడేవారు పిల్లల షాంపూను, అదీ బాగా పలుచన చేసి, వాడుతారు. ఈ హెచ్చరిక సముద్రతీరపు వినోదానికి మాత్రమే పరిమితమైనది కాదు. 1966 జూన్‌లో జెమినీ 9 యాత్రలో యూజీన్ సెర్నన్ అంతరిక్షంలో రెండు గంటలకు పైగా నౌక బయట ఉన్నాడు. పని శ్రమకు ఊపిరీ చెమటా పెరిగి, శిరస్త్రాణపు అద్దం లోపల మసక కమ్మి, ఏమీ కనబడక, చేయవలసిన పరీక్షను వదలి లోనికి రావలసి వచ్చినది. ముక్కుతో అద్దాన్ని రుద్ది చిన్న కన్నం చేసుకుని చూశాడట. తరువాతి యాత్రలలో అద్దానికి మసకను అడ్డే ద్రావణం పూయడం మొదలుపెట్టారు. 2001 ఏప్రిల్‌లో క్రిస్ హాడ్‌ఫీల్డ్ నౌక బయట పనిచేస్తూ ఉండగా అటువంటి ద్రావణమే కంటిలో చేరి భగ్గుమన్నది. భారరహిత స్థితిలో కన్నీరు జారిపోదు. బంతిగా నిలిచి రెండవ కంటికీ పాకింది. కొంతసేపు రెండు కళ్ళూ కనబడలేదు. మసకను పోగొట్టే మందే చూపును పోగొట్టినది. నోటి ఉమ్మికి ఈ దోషం లేదు. తన నోటిదే, తన కంటికే. ఎదుటివాని మాస్కులో ఉమ్మివేయకపోవడం, అద్దెకు తెచ్చిన మాస్కును ముందుగా సబ్బుతో కడగడం మాత్రం ఆరోగ్యం కోరేవారు పాటించవలెను.

ఇంత సంగతి ఒక సాహసగాథలో ఇరికించడం న్యాయమా అని కొందరు అడుగవచ్చు. కూస్తో భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథం వ్రాయలేదు, నిజమే. కాని ఆయన పుస్తకాన్ని గొప్పదిగా చేసిన గుణమేది? వోక్లూజ్ ఊటబావి అధ్యాయాన్ని చూడవచ్చు. 1946లో ఆ కొండగుహలోని నీటి లోతులలో కూస్తో, ద్యూమా ప్రాణాలు పోగొట్టుకునేటంతవరకు వచ్చారు. మనస్సు మొద్దుబారినది, చేతులు చెప్పినట్లు వినలేదు. బయటపడిన తరువాత వారు విధి అనో, లోతు మహిమ అనో ఊరుకోలేదు. సిలిండర్లలోని గాలిని పరీక్షించి చూశారు. గాలి నింపే కంప్రెసరు తన పొగను తానే పీల్చుకుని సిలిండర్లలోకి కార్బన్ మోనాక్సైడును ఎక్కించినదని తేలింది. పాఠకుడు గుహలోని భయాన్ని మరచిపోయినా ఆ వెతుకులాటను మరచిపోడు. లోతులో చేపకు గాయమైతే నెత్తురు ఆకుపచ్చగా కనబడిందని చెప్పి, ఎరుపు వెలుతురు నీటిలో ముందుగా ఇంకిపోవడమే కారణమని విప్పి చెప్పిన రచయిత ఈయనే. వింత చూపి, వెంటనే కారణం చేతికందించడం ఆయన పద్ధతి. లోతు మత్తును గురించి వ్రాసినప్పుడూ, 1947లో మోరిస్ ఫార్గ్ 120 మీటర్ల లోతున మరణించిన విషాదం చెప్పినప్పుడూ ఆ పద్ధతి తప్పలేదు.

అటువంటి రచయిత తన కంటికి అంగుళం దూరంలో, ప్రతి ముంపులోనూ జరిగే వింతను మాత్రం వాడుకగా వదిలివేశాడు. నౌకాదళంలో పదిమందీ చేసేదే కనుక ప్రశ్నించవలసినదిగా తోచలేదు కాబోలు. పెద్ద ప్రమాదాలకు కారణం వెదకడం సులభం, ప్రాణభయం తరుముతుంది. రోజూ చేసే చిన్నపనికి కారణం అడిగించేవారెవరూ ఉండరు. కాని ఆ చిన్నపని వెనుక కూడా ప్రాణం ఉన్నది. లోతులో అద్దం మసకబారితే దానిని శుభ్రపరచడానికి మాస్కులోకి నీరు రానిచ్చి, అద్దం కడిగి, ముక్కుతో ఊది నీటిని వెళ్ళగొట్టవలెను. అలవాటైనవానికి అది క్షణంలో పని. కొత్తవానికి కళ్ళలో ఉప్పునీరు, ముక్కులో ఉప్పునీరు, ఎదుట ఏమీ కనబడకపోవడం. ఆ తొట్రుపాటులో ఊపిరి బిగబట్టి పైకి ఎగబ్రాకినవాడు, సిలిండరు గాలి పీల్చి ఉంటే, ఊపిరితిత్తులు చిట్లి చనిపోవచ్చును. ఊపిరి బిగబట్టి పైకి రావద్దని కూస్తో గ్రంథం హెచ్చరిస్తుంది. ఎగబ్రాకే అవసరం తెచ్చిపెట్టే మసక సంగతి మాత్రం ఒక్క ముక్కలో ముగిసిపోతుంది.

ఆయన తరువాత వచ్చిన ఎన్నో ఈత పుస్తకాలు ఆ ముక్కను అట్లాగే అందుకున్నాయి. ఉమ్మివేయండి, రుద్దండి, కడగండి అని మూడు క్రియలు, కారణం లేదు. దుకాణాలలో అమ్మే చిన్న సీసాల మీద ఆ మాత్రమూ ఉండదు. తెలుగులో సముద్రాన్ని గురించి వ్రాసేవారు 'ది సైలెంట్ వరల్డ్'ను తప్పక చదువవలెను; దానిలోని ఉత్సాహం, నిజాయితీ నేటికీ వాడలేదు. మొదటి అధ్యాయాన్ని తెలుగు చేసేవారు ఉమ్మి వాక్యం క్రింద నాలుగు పంక్తులు చేర్చితే మూలానికి అన్యాయం జరగదు. అందులో తామరాకును ఒకసారి తలచుకుంటే, ఆ నాలుగు పంక్తులు కూడా అక్కరలేకపోవచ్చు.